పాత పుస్తకాలకు ఆన్‌లైన్‌లో ధర ఎలా నిర్ణయించాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంట్లో ఉన్న సుమారు నాలుగు వందల పాత పుస్తకాలను ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నారు. ఒకే పుస్తకానికి ఒక విక్రేత 150 అడుగుతుంటే మరొకరు 4,500 అడుగుతున్నారు. అందరికన్నా తక్కువగా ఉన్న ధర కంటే ఇంకొంచెం తగ్గించి పెడితే సరిపోతుందా, లేక ఆ రెండింటి నడుమ ఒక అంకెను ఎంచుకోవాలా అని అడిగారు. పాత పుస్తకాలు కొని అమ్మడమే చాలాకాలంగా నా పని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఆ రెండు పద్ధతుల్లోనూ ఒకే లోపం ఉంది: మీరు తెర మీద చూస్తున్నవన్నీ ఇంకా అమ్ముడుపోని ప్రతుల ధరలు. సరైన ధరకు పెట్టిన ప్రతి ఎప్పుడో కొన్నవారి ఇంటికి చేరింది, దాని జాడ ఆ జాబితాలో కనిపించదు. మిగిలినవాటిలో కొన్ని మరీ ఎక్కువ అడగడం వల్ల నిలిచిపోయాయి, కొన్ని అడిగే నాథుడు లేక నిలిచిపోయాయి, కొన్ని నిన్ననే పెట్టినవి. వీటిని కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమేమీ ఉండదు. మీ దగ్గరున్నలాంటి ప్రతికి, అదే స్థితిలో ఉన్నదానికి, ఈ మధ్యకాలంలో ఎవరైనా నిజంగా ఎంత చెల్లించారో ముందుగా తెలుసుకోవాలి. ఆ పుస్తకం అమ్ముడయ్యేదాకా మీరు ఎంతకాలం ఆగగలరో ఆ తరువాత తేల్చుకోవాలి. ధర ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

అమ్ముడైన ధరలు ఎక్కడ దొరుకుతాయంటే, అందరికీ అందుబాటులో ఉన్న మార్గం ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటు. అక్కడ వెతికినప్పుడు వచ్చే ఫలితాల్లో, అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపించమని ఎంచుకునే ఫిల్టర్ ఉంటుంది. దాదాపు గడచిన 90 రోజుల అమ్మకాలు అందులో కనిపిస్తాయి. అయితే బేరమాడి తగ్గించుకున్న సందర్భాల్లో అక్కడ కనిపించే అంకె అసలు చెల్లించిన మొత్తం కాకపోవచ్చని గుర్తుంచుకోండి. అమెజాన్ ఏ ప్రతి ఎంతకు పోయిందో బయటపెట్టదు, కానీ కీపా వంటి సాధనాలు ఒక పుస్తకపు పాత ప్రతుల కనిష్ఠ ధర నెలల తరబడి ఎలా మారిందో గీతపటంలో చూపిస్తాయి. అమెజాన్ ఆ పుస్తకానికి ఇచ్చే అమ్మకాల ర్యాంకు ఎప్పుడెప్పుడు ఒక్కసారిగా మెరుగుపడిందో కూడా అందులోనే తెలుస్తుంది. ఏబ్‌బుక్స్, అలిబ్రిస్, బిబ్లియో వంటి పాత పుస్తకాల వెబ్‌సైట్లలో కనిపించేవి కేవలం అడుగుతున్న ధరలు. బుక్‌ఫైండర్, వయాలిబ్రి వంటివి ఆ జాబితాలన్నిటినీ ఒకచోట చేర్చి చూపిస్తాయి. వాటి ఉపయోగం వేరు: లోకంలో ప్రస్తుతం ఎన్ని ప్రతులు అమ్మకానికి ఉన్నాయో అవి చెబుతాయి. ఒకే పుస్తకానికి రెండు వందల ప్రతులు పోటీలో ఉన్నాయా, రెండే ఉన్నాయా అన్నది ధర విషయంలో చాలా తేడా తెస్తుంది.

ర్యాంకు గురించి ఒక మాట. ఆ అంకె తరచుగా మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి నిర్ణయానికి రావద్దు. అడుగున పడి ఉన్న పుస్తకం ఒక్క ప్రతి అమ్ముడైతే చాలు, అమాంతం పైకి ఎగబాకి, మళ్లీ రోజురోజుకూ దిగిపోతుంది. ఏడాది గీతపటంలో అటువంటి ఎగుడుదిగుళ్లు మూడు నాలుగే ఉంటే, ఆ పుస్తకం ఏడాదికి మూడు నాలుగు సార్లే అమ్ముడవుతోందని అర్థం చేసుకోవచ్చు. అప్పుడు మీకన్నా ముందు వరుసలో పది మంది విక్రేతలు ఉంటే, మీ వంతు ఎప్పుడు వస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఇక ఆ 4,500 సంగతి. అలాంటి ధరలు చాలావరకు మనిషి కూర్చుని ఆలోచించి పెట్టినవి కావు. ఈగల జన్యుశాస్త్రం మీద అచ్చయిన ఒక విద్యా గ్రంథం ధర 2011లో అమెజాన్‌లో 2,36,98,655 డాలర్లకు పైగా చేరింది. మైఖేల్ ఐసెన్ అనే జీవశాస్త్రవేత్త దాన్ని రోజూ గమనించి కారణం పట్టుకున్నారు. ఇద్దరు విక్రేతల సాఫ్ట్‌వేర్లు ఒకదాన్ని చూసి మరొకటి ధర మార్చుకుంటున్నాయి: ఒకటి ఎదుటి ధరను 0.9983తో గుణించి కాస్త తక్కువగా పెడుతుంటే, రెండోది మొదటిదాన్ని 1.270589తో గుణించి ఎక్కువగా పెడుతోంది. రెండు గుణకాలనూ హెచ్చవేస్తే ఒకటి కన్నా ఎక్కువ వస్తుంది కాబట్టి ప్రతి చుట్టుకూ ధర పెరుగుతూనే పోయింది. రెండో విక్రేత దగ్గర బహుశా పుస్తకమే లేదు; ఎవరైనా ఆర్డరు పెడితే మొదటివారి దగ్గర కొని పంపాలన్న ఆలోచనతో అంత ఎక్కువ ధర పెట్టి ఉండవచ్చు. ఇలా చేతిలో లేని పుస్తకాన్ని జాబితాలో పెట్టేవారు నేటికీ ఉన్నారు. వివరణలో ప్రతి గురించి ఒక్క ప్రత్యేక వాక్యం కూడా లేకుండా, ఫోటో లేకుండా, అన్ని పుస్తకాలకూ పనికొచ్చే మూస మాటలతో భారీ ధర కనిపిస్తే దాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. అవతలి కొసన ఉన్న 150 కూడా అంతే, ఆ ప్రతిలో పేజీలు చిరిగాయో, గ్రంథాలయ ముద్రలున్నాయో, కేవలం స్థలం ఖాళీ చేసుకోవడానికి పెట్టారో చదివి చూడకుండా దాన్ని ప్రమాణంగా తీసుకోవద్దు.

పోల్చేముందు మీ చేతిలో ఉన్నది ఏ పుస్తకమో కచ్చితంగా తేల్చుకోవాలి. ఇది తేలిక పనిలా కనిపిస్తుంది గానీ ధర పెట్టడంలో పొరపాట్లు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పుస్తకాన్ని గుర్తించడానికి దాని మీద వేసే ఐఎస్‌బీఎన్ అనే సంఖ్య 1970లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. మొదట 10 అంకెలు ఉండేవి, 2007 జనవరి 1 నుంచి 13 అంకెలయ్యాయి. 1970కి ముందు అచ్చయిన పుస్తకాలకు ఆ సంఖ్య ఉండదు కాబట్టి పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం అన్నీ ఇచ్చి వెతకాలి. సంఖ్య ఉన్న పుస్తకానికి కూడా అది అన్నీ చెప్పదు. గట్టి అట్ట ప్రతికి ఒక సంఖ్య, పేపర్‌బ్యాక్‌కు మరొక సంఖ్య ఉంటాయి. మార్చి రాసిన కొత్త కూర్పుకు మరొకటి వస్తుంది. కానీ అదే కూర్పును పదిసార్లు పునర్ముద్రించినా సంఖ్య మారదు. మొదటి ముద్రణ ప్రతీ, పదో ముద్రణ ప్రతీ ఒకే సంఖ్యతో ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తాయి. సేకరణకర్తలు వెతికే పుస్తకమైతే ఆ రెండింటి ధరకూ పోలికే ఉండదు.

ముద్రణను గుర్తించడానికి శీర్షిక పేజీ వెనుక వైపు చూడండి. ఆంగ్ల ప్రచురణల్లో చాలావాటికి అక్కడ ఒక అంకెల వరుస ఉంటుంది: 10 9 8 7 6 5 4 3 2 1 అని గానీ, 1 3 5 7 9 10 8 6 4 2 అని గానీ. ప్రతి పునర్ముద్రణకూ అన్నిటికన్నా చిన్న అంకెను తీసేస్తారు. మిగిలినవాటిలో చిన్నది 4 అయితే మీ చేతిలో ఉన్నది నాలుగో ముద్రణ. దీనికి మినహాయింపులు ఉన్నాయి. ర్యాండమ్ హౌస్ చాలా ఏళ్లపాటు మొదటి ముద్రణకు ‘ఫస్ట్ ఎడిషన్’ అన్న మాటతో పాటు 2తో మొదలయ్యే వరుసను వేసేది. ఆ మాట ఉండి అంకె 2 అయితే అది మొదటి ముద్రణే. బుక్ క్లబ్ సభ్యుల కోసం అచ్చువేసిన ప్రతులు పైకి అచ్చం అసలు ప్రతుల్లాగే ఉంటాయి, కానీ చాలావాటి జాకెట్ (అట్ట పైన చుట్టే కాగితం) మీద వెల ఉండదు, కాగితం పలచగా, పుస్తకం తేలిగ్గా ఉంటుంది. వాటి ధర వేరు. భారతీయ భాషల పుస్తకాల్లో ఈ వరుస సాధారణంగా ఉండదు; ‘ప్రథమ ముద్రణ’, ‘తృతీయ ముద్రణ’ అని మాటల్లోనే సంవత్సరంతో సహా వేస్తారు, కొన్నిటిలో ఎన్ని ప్రతులు వేశారో కూడా ఉంటుంది. ఆ ప్రతుల సంఖ్య ఉంటే తప్పక మీ వివరణలో రాయండి.

తరువాతది స్థితి. ఇక్కడ తొందరపడకూడదు. ప్రతి పుస్తకాన్నీ వెలుతురులో పట్టుకుని ఒకే క్రమంలో చూసే అలవాటు చేసుకుంటే దేన్నీ వదిలిపెట్టరు. ముందు వెన్ను చూడండి: పేపర్‌బ్యాక్ అయితే దాని మీద నిలువు మడతలు ఎన్ని పడ్డాయి, ఎండకు రంగు వెలిసి మిగతా అట్ట కంటే పాలిపోయిందా అని. పుస్తకాన్ని బల్ల మీద పరిచి పై అంచు నుంచి చూస్తే వెన్ను ఒక పక్కకు ఒరిగిందో లేదో తెలుస్తుంది. అట్టను పూర్తిగా తెరిచి, అట్టకూ మొదటి కాగితానికీ నడుమనున్న కీలు చిట్లిందా అని వేలితో తడిమి చూడండి. ఆ తరువాత పేజీలన్నిటినీ బొటనవేలితో మెల్లగా జారవిడుస్తూ రెండుసార్లు తిప్పండి, ఒకసారి గీతలూ రాతలూ హైలైటరూ కోసం, రెండోసారి ఊడిన పేజీలూ పురుగు తిన్న రంధ్రాలూ కోసం. బొమ్మలూ పటాలూ ఉన్న పుస్తకమైతే విషయసూచికలో చెప్పినన్ని ఉన్నాయో లేదో లెక్కపెట్టాల్సిందే. ఒక్క మడత పటం లేకపోయినా అది అసంపూర్ణ ప్రతే. పుస్తకాల నడుమ పాత ఉత్తరాలు, రసీదులు, ఫోటోలు కూడా దొరుకుతుంటాయి, వాటిని తీసి దాచుకోండి. చివరగా మధ్య పేజీ తెరిచి వాసన చూడండి. బూజు వాసన ఫోటోలో కనిపించదు, కానీ పార్సిల్ విప్పగానే కొన్నవారికి ముందు తెలిసేది అదే. అందువల్ల తిరిగొచ్చే పుస్తకాలు తక్కువేమీ కావు. బూజు పట్టిన పుస్తకాన్ని మిగతావాటికి దూరంగా ఉంచండి, తేమ ఉన్నచోట అది పక్కవాటికి కూడా పాకుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు అంటించవద్దు. అది కొన్నేళ్లకు పసుపు మరకై కాగితంలోకి దిగి, ఉన్న చిరుగు కన్నా పెద్ద లోపమవుతుంది.

స్థితిని చెప్పడానికి ఈ వ్యాపారంలో వాడే అంతస్తులు 1949లో అమెరికాలోని ఒక పాత పుస్తకాల వ్యాపార పత్రిక ప్రతిపాదించిన వరుస నుంచి వచ్చాయి: యాజ్ న్యూ, ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. ఈ వరుసలో ‘గుడ్’ అంటే పేజీలన్నీ ఉండి, బాగా చదివి నలిగిన మామూలు ప్రతి. కొత్తగా అమ్మేవారు అంతకన్నా మంచి ప్రతిని ఊహించుకుని ఒక మెట్టు పైన పెడుతుంటారు. గ్రంథాలయం నుంచి వచ్చిన ప్రతి అయితే ఎంత శుభ్రంగా ఉన్నా ఆ సంగతి విడిగా చెప్పి తీరాలి. నా అంచనాలో, చదువుకోవడానికి కొనే సాధారణ పుస్తకానికి ‘వెరీ గుడ్’ ప్రతి ధరను 100 అనుకుంటే ‘గుడ్’ ప్రతి 60 నుంచి 70 వరకు, ‘ఫెయిర్’ ప్రతి 30 నుంచి 40 వరకు పలుకుతుంది. సేకరణ కోసం కొనే పుస్తకాల్లో ఈ తగ్గుదల మరింత ఎక్కువగా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల నవలల మొదటి ముద్రణల్లో అయితే ధరలో అధికభాగం పైన చుట్టిన కాగితపు జాకెట్‌దే. అది లేని ప్రతి, ఉన్న ప్రతి ధరలో చిన్న భిన్నానికి కూడా అమ్ముడు పోకపోవచ్చు. జాకెట్ మూలలో వెల ఉన్న ముక్కను కత్తిరించి ఉంటే అదీ ఒక లోపమే.

ఎంతకు అమ్మవచ్చో తెలిసింది సరే, అమ్మితే మీకు ఎంత మిగులుతుందో ఇప్పుడు చూద్దాం. అంకెలు ఊహించినవే, ఏ కరెన్సీకైనా వర్తిస్తాయి. ఒక పుస్తకాన్ని 400కు అమ్మారనుకోండి. వేదిక (మీరు అమ్మే వెబ్‌సైటు) కమీషన్ 15 శాతం అయితే 60 పోతుంది. ప్రతి అమ్మకానికీ విధించే స్థిర రుసుము 20, తపాలా 70, అట్టపెట్టె, టేపు వంటివాటికి 15, పుస్తకానికి మీరు పెట్టిన వెల 80. మొత్తం 245 పోగా 155 మిగిలింది. పోటీలో పడి అదే పుస్తకాన్ని 250కి దించారనుకోండి. కమీషన్ 37.5కు తగ్గుతుంది, మిగతా ఖర్చుల్లో ఒక్కటీ తగ్గదు. మొత్తం ఖర్చు 222.5, మిగిలేది 27.5. ధర మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ తగ్గితే, మిగులు ఐదింట నాలుగు వంతులకు పైగా ఆవిరైంది. పైగా ఇందులో ఒక పుస్తకం తిరిగి వస్తే రాకపోకల తపాలా, ప్యాకింగు కలిపి 155 నష్టం. దాన్ని పూడ్చడానికి అదే మిగులుతో మరో ఆరు పుస్తకాలు అమ్మాలి. అందుకే ప్రతి పుస్తకానికీ అట్టడుగు ధర ఒకటి ముందే రాసి పెట్టుకోండి, ఎవరు ఎంత తగ్గించినా మీరు దాని కిందికి వెళ్లవద్దు. మీవి ఇంట్లో ఉన్న పుస్తకాలే కాబట్టి కొన్న వెల సున్నా అనుకోవచ్చు. అయితే శుభ్రం చేయడానికి, ఫోటోలు తీయడానికి, తపాలాకు వెళ్లిరావడానికి పట్టే మీ సమయం సున్నా కాదు. తపాలా ఖర్చును కొనుగోలుదారు నుంచి విడిగా వసూలు చేసేట్లయితే, వేదిక ఆ మొత్తం మీద కూడా కమీషన్ తీసుకుంటుందేమో నియమాల్లో చూసుకోండి, చాలా చోట్ల తీసుకుంటారు.

తపాలా విషయంలో కొత్తవారిని దెబ్బతీసేది బరువు కన్నా పరిమాణం. కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగించి ఒక బరువు కడతాయి. అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. కిలోన్నర తూగే చిత్రకళా గ్రంథాన్ని 40, 30, 10 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే లెక్కకు 2.4 కిలోలు వస్తుంది. అందువల్ల పెద్ద పుస్తకాలను ముందుగా ప్యాక్ చేసి కొలిచాకే ధర పెట్టండి.

అన్ని పుస్తకాలకూ ఇంత శ్రమ తగదు. విపరీతంగా అచ్చయి విపరీతంగా అమ్ముడైన నవలలు, సంక్షిప్త నవలా సంపుటాలు, కాలం చెల్లిన కంప్యూటర్ పుస్తకాలు, పాత యాత్రా మార్గదర్శకాలు, ఒకటి రెండు సంపుటాలు తప్పిపోయిన విజ్ఞాన సర్వస్వాలు చాలావరకు తపాలా ఖర్చును కూడా రాబట్టలేవు. పాతదైతే విలువ ఉంటుందన్నది అపోహ. నూరేళ్ల నాటి పుస్తకాన్ని కూడా ఎవరూ కోరకపోతే అది పాత కాగితమే. మరోవైపు, చూడటానికి అనాకర్షణీయంగా ఉండే పుస్తకాలు మంచి ధర పలుకుతాయి: ఒక ప్రాంత చరిత్ర, ఒక చేతివృత్తి మెలకువలు, రైలు ఇంజిన్లు, చదరంగం ముగింపు ఆటలు, ఉన్నత గణితం, ఒక చిత్రకారుడి సమగ్ర చిత్ర సూచిక. ఇవి తక్కువ ప్రతులు అచ్చవుతాయి, మళ్లీ అచ్చు కావు, కావాల్సినవారు మాత్రం గట్టిగా కావాలనుకుంటారు. మీ నాలుగు వందల్లో ఇటువంటివి పదో పరకో ఉన్నా, మొత్తం రాబడిలో పెద్ద భాగం వాటినుంచే రావచ్చు. శ్రద్ధ అక్కడ పెట్టండి.

ఇప్పటికీ కొత్తది దొరుకుతున్న పుస్తకానికి ఒక పైకప్పు ఉంటుంది. కొత్త ప్రతి తగ్గింపుతో, ఇంటికి చేర్చే ఖర్చుతో కలిపి ఎంతకు వస్తోందో చూడండి. బాగున్న పాత ప్రతికి అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల లోపు అడిగితేనే కొనేవారు ఆలోచిస్తారు. వెనుక అట్ట మీద అచ్చువేసిన వెలకు ఇక్కడ పాత్ర తక్కువ. అచ్చులో లేని పుస్తకానికైతే ఆ వెలకు ఏ పాత్రా లేదు, అది పదింతలు పలకవచ్చు, పదో వంతే పలకవచ్చు.

పోల్చడానికి అమ్ముడైన ప్రతి ఒక్కటీ దొరకని పుస్తకం ఎదురైతే ఏం చేయాలి? ముందుగా ఎవరికి అది అవసరమో ఊహించండి. పరిశోధకుడికా, సేకరణకర్తకా, చిన్నప్పటి పుస్తకం మళ్లీ చదవాలనుకునే పాఠకుడికా? గ్రంథాలయాల ఉమ్మడి జాబితా అయిన వరల్డ్‌క్యాట్‌లో అది ఎన్ని గ్రంథాలయాల్లో ఉందో చూడండి. కొద్దిచోట్లే ఉంటే అరుదన్నది రుజువవుతుంది గానీ అడిగేవారున్నారన్నది రుజువు కాదు. అదే రచయితవి, అదే విషయం మీద, అదే కాలానివి ఎంతకు పోయాయో చూసి, వాటిలో మంచి ధర కన్నా కాస్త ఎక్కువకే మొదలుపెట్టి, బేరానికి తలుపు తెరిచి ఉంచండి. ఇటువంటి పుస్తకాన్ని తక్కువకు పెడితే గంటల్లో మాయమవుతుంది. కొన్నది సాధారణంగా మరో వ్యాపారే అయి ఉంటాడు. ఎక్కువకు పెట్టిన ధరను దించుకోవచ్చు, తక్కువకు అమ్మిన పుస్తకాన్ని వెనక్కి తెచ్చుకోలేం. వేలం పెట్టమని కొందరు సలహా ఇస్తారు. కనీసం ఇద్దరు పోటీదారులు అదే వారంలో అక్కడ ఉంటారన్న నమ్మకం ఉంటేనే వేలం లాభిస్తుంది. ఏడాదికి ఒక్కరు వెతికే పుస్తకానికి స్థిర ధరే మేలు.

కాలం గురించి ఇంతకుముందు అన్నాను. మీ ఉద్దేశం రెండు నెలల్లో గది ఖాళీ చేయడమైతే, అమ్ముడైన ధరల్లో దిగువ భాగం దగ్గర పెట్టండి, నెలకోసారి పది పదిహేను శాతం తగ్గించండి, అట్టడుగు ధర తగిలాక తీసేసి మిగిలినవాటిని కట్టలుగా అమ్మండి లేదా గ్రంథాలయానికి ఇవ్వండి. ఆగగలిగితే, నెమ్మదిగా కదిలే పుస్తకాలకు అమ్ముడైన ధరల్లో పై భాగం దగ్గర పెట్టి ఏడాదైనా వేచి ఉండవచ్చు, ఎందుకంటే దాన్ని వెతుక్కుంటూ వచ్చే ఆ ఒక్కరికి నాలుగైదు శాతం తేడా అడ్డు కాదు. అయితే ఈ ఓపిక పాఠ్యపుస్తకాలకు పనికిరాదు. కొత్త కూర్పు వచ్చిన రోజున పాతదాని ధర కుప్పకూలుతుంది; విద్యా సంవత్సరం మొదలయ్యే ముందు మూడు నాలుగు వారాలే వాటికి మంచి గిరాకీ. అచ్చులో లేక ఖరీదైన పుస్తకానికి కూడా ఇటువంటి ప్రమాదమే ఉంది: ప్రచురణకర్త పునర్ముద్రణ ప్రకటిస్తే, చదువుకోవడానికి కొనేవారంతా కొత్తదాని వైపు వెళ్తారు, సేకరణకర్తలు మాత్రమే మిగులుతారు. దీనికి భిన్నంగా, అక్టోబరు మొదట్లో నోబెల్ సాహిత్య బహుమతి ప్రకటించిన వారంలో, లేదా ఒక నవల సినిమాగా వస్తోందన్న వార్తతో, కొన్ని ధరలు రాత్రికి రాత్రి పెరుగుతాయి. మీ దగ్గర అటువంటిది ఉంటే ఆ వారంలోనే అమ్మండి. ప్రచురణకర్తలు కొత్త ప్రతులు దించేసరికి ఆ వేడి చల్లారుతుంది.

అందరికన్నా కాస్త తక్కువగా పెట్టే సాఫ్ట్‌వేర్ వాడాలా అని కూడా అడిగారు. వేలల్లో ప్రతులు అమ్మేవారికి అది తప్పనిసరి. మీకు అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. ఆ సాధనం మీ శుభ్రమైన ప్రతిని ఎవరో గీతలు గీసిన ప్రతితో పోల్చి దానికన్నా కిందికి దించుతుంది; అవతలివారి సాధనం మళ్లీ మీకన్నా దించుతుంది; ఇద్దరూ అట్టడుగు ధరకు చేరేదాకా అది ఆగదు. కనిష్ఠ ధర దగ్గర అయిదారు పాడైన ప్రతులు ఉన్నప్పుడు, స్పష్టమైన ఫోటోలతో, నిజాయితీ వివరణతో మీరు ఇరవై శాతం ఎక్కువ అడిగినా కొనేవారు ఉంటారు. వారికి కావలసింది ఎలాంటి ప్రతి వస్తుందోనన్న అనుమానం లేకపోవడం. ముందు అట్ట, వెనుక అట్ట, వెన్ను, ముద్రణ వివరాల పేజీ, అన్నిటికన్నా పెద్ద లోపం, ఈ ఐదు ఫోటోలూ తప్పక పెట్టండి. లోపాన్ని మాటల్లో కూడా రాయండి: ‘కొద్దిగా గీతలున్నాయి’ అనడం కన్నా ‘మొదటి రెండు అధ్యాయాల్లో పెన్సిల్ గీతలు, మిగతా పుస్తకం శుభ్రం’ అనడం ఎంతో మేలు.

రచయిత సంతకం ఉన్న ప్రతులు కనిపిస్తే, అది నిజమైన సంతకమే అనడానికి ఏ ఆధారముందో చూసుకోండి. సభలో సంతకం చేయించుకున్న ఫోటో, ఆహ్వాన పత్రం, అదే రచయిత ఇతర సంతకాలతో పోలిక, ఏదైనా సరే. ఆధారం లేకపోతే సంతకానికి అదనంగా ఏమీ కలపకుండా ‘సంతకంలా ఉంది, ధ్రువీకరించలేదు’ అని రాయడం న్యాయం. ఉత్త సంతకం కన్నా ‘ఫలానావారికి’ అని పేరు రాసి ఇచ్చిన ప్రతి సాధారణంగా కాస్త తక్కువ పలుకుతుంది. అయితే ఆ ఫలానావారు ప్రసిద్ధులైనా, రచయితకు ఆప్తులైనా లెక్క తలకిందులవుతుంది. అటువంటి ప్రతికి సొంతంగా ధర పెట్టకుండా అనుభవమున్న పురాతన గ్రంథ వ్యాపారిని అడగండి, అది కూడా మీ పుస్తకాన్ని తానే కొనాలనుకునే వ్యాపారి కాకుండా చూసుకోండి.

పని మొదలుపెట్టే క్రమం ఇలా ఉంటే మంచిది. మొదటి రోజుల్లో ఏదీ జాబితాలో పెట్టకుండా, నాలుగు వందలనూ ఒక్కొక్కటిగా వెతికి మూడు దొంతులు చేయండి. అమ్ముడైన ధరలో ఖర్చులు పోగా ఏమీ మిగలనివి ఒక దొంతి. అవి విడిగా పెట్టవద్దు, ఒకే రచయితవో ఒకే విషయానివో కలిపి కట్టలుగా అమ్మండి, ఒకే తపాలా ఖర్చుతో ఐదారు పుస్తకాలు వెళ్తాయి. రెండోది, ఓ మాదిరి లాభంతో తరచుగా అమ్ముడయ్యేవి. వీటిని ముందు పెట్టండి, వీటితో మీకు ప్యాకింగూ తపాలా నియమాలూ అలవాటవుతాయి, కొన్నవారి అభిప్రాయాలు కూడా కొన్ని పోగుపడతాయి. మూడోది, విలువైనవిగా కనిపించేవి, పోల్చడానికి ఏమీ దొరకనివి. కొత్త విక్రేత దగ్గర ఖరీదైన పుస్తకం కొనడానికి జనం వెనకాడతారు కాబట్టి వీటిని ఆఖరున పెట్టండి. ఈలోగా వాటిని తేమ తగలని చోట నిలువుగా ఉంచి, ప్రతిదాని ముద్రణ వివరాలు, లోపాలు, దొరికిన అమ్మకాల ధర, ఆ ధర చూసిన తేదీ ఒక నోటుబుక్కులో రాసుకోండి. తేదీ లేని ధర ఆరు నెలల తరువాత ఎందుకూ కొరగాదు. జాబితాలో పెట్టే రోజున మళ్లీ ఒకసారి చూసి సరిచేసుకోండి.